తోకను కొరికేదీ పెంచేదీ ఒకే గుర్తు

ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి సందేశం మోసే ఆర్ఎన్ఏనే ఎమ్ఆర్ఎన్ఏ అంటారు. దాని చివర వరుసగా అడినిన్లే (‘ఎ’ అక్షరాలే) ఉంటాయి. ఈ వరుసను పాలీ-ఎ తోక అంటారు. డీఎన్ఏలో ఈ తోక రాసి ఉండదు. ఆర్ఎన్ఏలో ‘ఎఎయుఎఎఎ’ గుర్తు కనబడితే, దానికి 10–30 అక్షరాల దిగువన గొలుసు తెగుతుంది. ఆ కొసకు పాలీ-ఎ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఒక్కో అడినిన్‌నే అతికిస్తుంది. క్షీరదాల్లో ఆ పని సుమారు 250 దగ్గర ఆగుతుంది. హిస్టోన్ (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) ఎమ్ఆర్ఎన్ఏల వంటి కొన్నిటిని వదిలేస్తే, ఇంతవరకు అన్నిటిదీ ఇంచుమించు ఒకటే దారి. అసలు తేడాలు కేంద్రకం దాటాకే మొదలవుతాయి.

జెనోపస్ కప్ప అండకణంలో, కణవిభజనను నడిపే సైక్లిన్ బి1 ప్రోటీన్ సంగతి చూడండి. కణం పరిపక్వం కానంతకాలం దాని ఎమ్ఆర్ఎన్ఏ తోక 20–40 అడినిన్లకే పరిమితం, అందుకే ప్రోటీన్ తయారీ అంతంతమాత్రం. ప్రోటీన్‌గా మారని చివరి భాగంలో ‘యుయుయుయుఎయు’ అనే గుర్తుంది. దానికి సీపీఈబీ ప్రోటీన్ అంటుకుని, తోకను కొరికే పార్న్ ఎంజైమ్‌నూ, పెంచే జీఎల్‌డీ2 ఎంజైమ్‌నూ పక్కపక్కనే కూర్చోబెడుతుంది. శాస్త్రవేత్త జోయెల్ రిక్టర్ బృందం 2006లో చూపినట్టు, పార్న్‌దే పైచేయి. జీఎల్‌డీ2 అతికించినదాన్ని అతికించినట్టే కొరికేస్తుంది. ప్రొజెస్టిరాన్ హార్మోన్ తగిలాక సీపీఈబీకి ఫాస్ఫేట్ చేరుతుంది, పార్న్ తప్పుకుంటుంది, తోక 150 దాకా సాగుతుంది. గుర్తు మారలేదు, దాని మీద కూర్చున్నవాళ్లే మారారు! అయితే పక్కన ‘ఎఎయుఎఎఎ’ కూడా ఉండాలి. అందులోని ‘యు’ తీసి ‘జి’ పెడితే తోక పెరగదు.

కొరకడానికే పుట్టిన గుర్తులూ ఉన్నాయి. వాపును రగిలించే టీఎన్ఎఫ్ ప్రోటీన్ ఎమ్ఆర్ఎన్ఏలోని ‘ఎయుయుయుఎ’ వరుసలకు టీటీపీ ప్రోటీన్ అంటుకుని, సీసీఆర్4-నాట్ అనే కత్తెరను రప్పిస్తుంది. ఈ వరుసలను తొలగించిన ఎలుకల్లో టీఎన్ఎఫ్ అదుపు తప్పి కీళ్లవాపు వచ్చింది. హెపటైటిస్-బి వైరస్ ఎత్తు ఇంకో రకం. దాని ఆర్ఎన్ఏలోని ఒక మడత టెంట్4 ఎంజైమ్‌ను రప్పించి, తోకలో అక్కడక్కడ గ్వానిన్ (‘జి’ అక్షరం) చేర్పిస్తుంది. గ్వానిన్ అడ్డొచ్చిన చోట కత్తెర తడబడుతుంది.

తోకను కొలిచేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆలిగో-డీటీ (తోకకు అతుక్కునే, వరుస ‘టి’ల పొట్టి డీఎన్ఏ ముక్క) తగిలించిన పూసలతో ఆర్ఎన్ఏను ఏరితే పొట్టి తోకలవి చాలావరకు జారిపోతాయి, సగటు పొడవు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే మొత్తం ఆర్ఎన్ఏనే తీసుకుని రెండు వాటాలు చేయాలి. ఒకదాంట్లో ఆలిగో-డీటీ, ఆర్ఎన్ఏజ్-హెచ్ (డీఎన్ఏతో జతకట్టిన ఆర్ఎన్ఏను కోసే ఎంజైమ్) కలిపి తోకను తీసేయాలి. ఆర్ఎన్ఏలను జెల్ మీద పొడవును బట్టి విడదీసి చూసే నార్తర్న్ బ్లాట్‌లో రెండు పట్టీల మధ్య తేడాయే తోక పొడవు. రెండువేల అక్షరాల ఎమ్ఆర్ఎన్ఏలో 30 అక్షరాల తేడా జెల్ మీద ఆనదు. కాబట్టి రెండు వాటాల్లోనూ ఆ ఎమ్ఆర్ఎన్ఏకు జతకట్టే పొట్టి డీఎన్ఏ ముక్క (ఆలిగో), ఆర్ఎన్ఏజ్-హెచ్ వేసి, కొసన 300 అక్షరాల ముక్క మిగిలేలా ముందే తెంపుకోవాలి.