ప్రోటోటైప్‌లో తెలుగు చివరికి ఎందుకు మిగిలిపోయింది?

విశాఖపట్నానికి నమూనా కట్టి పరీక్షించడం కొత్త విద్య కాదు. ఇక్కడి నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టె ఉంది. అందులో ఓడల చిన్న నమూనాలను లాగి, నీరు వాటిని ఎంత నిలవరిస్తుందో కొలుస్తారు. రుషికొండ ఐటీ కొండల మీద యాప్‌లు తయారుచేసేవారూ కోడ్ రాయకముందు, వేలితో తాకితే స్పందించే స్క్రీన్ల నమూనా, అంటే ప్రోటోటైప్, తయారుచేసి అదే రకంగా పరీక్షిస్తారు. అయితే ఓడ నమూనాను నీళ్లలోనే పరీక్షిస్తుంటే, తెలుగువారు వాడబోయే యాప్ నమూనాలో మాత్రం చాలాసార్లు తెలుగే ఉండదు.

స్క్రీన్లన్నీ ఇంగ్లీషులో సిద్ధమవుతాయి. విడుదల దగ్గరపడ్డాక అనువాదం వస్తుంది. అప్పుడు ‘పే’ అన్న బటన్‌లో ‘చెల్లించండి’ పట్టదు, ‘రాష్ట్రం’ అన్న మాటలో కింది వత్తులు తెగిపోతాయి. దీన్ని డిజైనర్ల అశ్రద్ధగా కొట్టిపారేయడం తేలికే గాని, ఈ అలవాటు వెనుక పనిముట్ల చరిత్ర ఉంది.

1987లో ఆపిల్ సంస్థ కోసం బిల్ అట్కిన్సన్ రూపొందించిన హైపర్‌కార్డ్, కార్డుల మీద బటన్లు పెట్టి ఒక కార్డు నుంచి మరొక కార్డుకు వెళ్లే పద్ధతిని మామూలు వాడుకరుల చేతికిచ్చింది; నేటి ప్రోటోటైపింగ్ సాఫ్ట్‌వేర్ అంతా ఒక రకంగా దాని సంతానమే. ప్రపంచ లిపుల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే ప్రమాణమైన యూనికోడ్ తొలి సంచిక తెలుగుకు సంకేతాలు కేటాయించింది 1991లో. ఆ తరువాత కూడా మన డీటీపీ కేంద్రాలు చాలాకాలం అను వంటి ఫాంట్లతోనే నడిచాయి. వాటిలో కంటికి కనిపించేది తెలుగు అక్షరమే అయినా, లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. ఆ పాఠాన్ని మరో సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే అర్థంలేని గుర్తులే మిగిలేవి. అందుకని తెలుగు మాటను గీతలుగా మార్చి బొమ్మలా అతికించడం మార్గమైంది. 1996 తరువాత ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ప్రాచుర్యంలోకి వచ్చి తెర మీది కదలిక సులభమయ్యాక కూడా తెలుగు చాలాచోట్ల బొమ్మగానే ఉండిపోయింది.

2007లో ఐఫోన్, మరుసటి ఏడాది యాప్ స్టోర్ వచ్చాక ప్రోటోటైప్‌కు గిరాకీ పెరిగింది. 2010లో స్కెచ్, 2011లో ఇన్‌విజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒకదానిలో స్క్రీన్ గీసి, దాన్ని చిత్రంగా రెండోదానిలోకి ఎక్కించి, బటన్ ఉన్నచోట హాట్‌స్పాట్ (నొక్కితే పనిచేసే చోటు) గీసి తరువాతి స్క్రీన్‌కు కలపడమే అప్పటి పని. చిత్రంలో తెలుగు ఎన్నడూ విరగదు, ఎందుకంటే పట్టనిచోట డిజైనరే అక్షరాన్ని కుదించి సర్దుతాడు. ఆ కుదింపు సంగతి ఫోన్‌కు తెలియదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక సంకేతంతో కలిసి వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలిన ఉదంతం గుర్తుండే ఉంటుంది. అటువంటి తప్పు బొమ్మల ప్రోటోటైప్‌లో ఎన్ని వందల స్క్రీన్లు నొక్కినా బయటపడదు.

డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో స్థాపించిన ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్, 2016లో బ్రౌజర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చి, 2017లో ప్రోటోటైపింగ్‌ను కూడా తనలో కలుపుకుంది. 2019 చివర్లో వచ్చిన ఆటో లేఅవుట్‌తో, లోపలి మాట పొడవును బట్టి బటన్ తానే సాగడం సాధ్యమైంది. 2023లో వచ్చిన వేరియబుల్స్‌తో ఒకే మాటకు ఇంగ్లీషు, తెలుగు విలువలు రెండూ రాసిపెట్టుకుని, మోడ్ మార్చి స్క్రీన్ అంతటినీ తెలుగులో చూసే వీలు కలిగింది. ఈలోగా పోటీ పలచబడింది: ఫిగ్మాకు పోటీ అయిన అడోబీ ఎక్స్‌డీకి కొత్త హంగులు చేర్చడం ఆగింది (2000 కోట్ల డాలర్లకు ఫిగ్మానే కొనాలన్న అడోబీ ఒప్పందం మాత్రం 2023 డిసెంబరులో రద్దయింది), ఇన్‌విజన్ 2024 చివర మూతపడింది.

ఫాంట్ల కొరత కూడా ఇప్పుడు సాకు కాదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, గురజాడ, గిడుగు వంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పేరున్న ఫాంట్‌లో గ్రాంథికపు బటన్ రాయడం కొంత విడ్డూరమే: విశాఖలో ఎవరూ కరెంటు బిల్లు ‘చెల్లించరు’, కడతారు. ‘కట్టండి’ అని రాస్తే మాట సహజంగా ఉంటుంది, బటన్‌లోనూ పడుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం కోసం యాప్ చేసే బృందం ఇలాంటి మాటలను అక్కడి పాటదారుల నోట విని, మొదటి రోజే ప్రోటోటైప్‌లో పెట్టుకోవచ్చు; ఫిగ్మాలో అందుకు కావలసింది వేరియబుల్స్ పట్టికలో మరొక కాలమ్ మాత్రమే. కొత్తగా తెరిచిన ఫైళ్లలో ఆ కాలమ్ ఇప్పటికీ ఎక్కువగా ఖాళీగానే కనిపిస్తోంది.