రింగు వేస్తే కళ్లజోడు పోతుందా? కెరటోకోనస్ గురించి అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నా. పోయిన నెల చీమకుర్తి నుంచి ఒక తల్లి, పంతొమ్మిదేళ్ల కొడుకు వచ్చారు. కూర్చోవడంతోనే ఆమె, "సార్, కంట్లో రింగు వేయిస్తే కళ్లజోడు పోతుందంట గదా, డబ్బులు సర్దుకునే వచ్చాం" అంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పిల్లాడు వేలి కణుపులతో కుడి కన్ను నులుముకుంటూనే ఉన్నాడు. కిందికి చూడమన్నా. కింది రెప్ప మధ్యలో కోసుగా ముందుకు పొడుచుకొచ్చింది. బాగా ముదిరిన కెరటోకోనస్‌లో కనపడే గుర్తు అది.

అపోహ: రింగు వేస్తే అద్దాలు అక్కర్లేదు.

చాలామందికి అద్దాలో లెన్సులో అవసరమవుతూనే ఉంటాయి. ఈ జబ్బులో నల్లగుడ్డు మీదుండే కార్నియా పల్చబడి శంకువులా ఉబ్బుతుంది, అందుకే దీపం చుట్టూ చారలు, అక్షరానికి నీడలు, ఎన్ని అద్దాలు మార్చినా తేటగా కనపడకపోవడం. రింగంటే పూర్తి వలయం కూడా కాదు, విరిగిన చేతి గాజు ముక్కలా వంపు తిరిగిన చిన్న ప్లాస్టిక్ ముక్క, మందం మిల్లీమీటరులో పావు వంతుకు అటూ ఇటూ. వెనకటి రోజుల్లో శుక్లం ఆపరేషన్ చేసి కంట్లో పెట్టిన లెన్సులదీ ఇదే ప్లాస్టిక్. దీన్ని కార్నియా పొరల మధ్య, అంచు వైపు దూరుస్తారు. పై పొర దాని మీదుగా సాగాల్సి రావడంతో మధ్యలో ఉబ్బు లాగినట్టయి కొంత చదునవుతుంది. అప్పుడు అంతకుముందు పనిచేయని అద్దం పనిచేస్తుంది, నిలవని లెన్సు కుదురుగా నిలుస్తుంది. రింగుతో వచ్చే లాభం ఇదీ, చిన్నదేం కాదు.

అపోహ: రింగు వేయించుకున్నాం, ఇక జబ్బు ఆగిపోయినట్టే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే. రింగు ఆకారాన్ని సరిచేస్తుంది, జబ్బును ఆపదు. ఆపడానికి చేసేది క్రాస్ లింకింగ్: రైబోఫ్లేవిన్ చుక్కలు, అంటే బి2 విటమిన్, వేసి అతినీలలోహిత కాంతి పెడితే కార్నియాలోని కొల్లాజెన్ పోగులు గట్టిపడతాయి. ముందు ఏది, రెండూ కలిపా అన్నది డాక్టరు కన్ను చూసి చెప్పాలి. వేరే చోట రింగు వేయించుకుని, మళ్లీ రావాలని ఎవరూ చెప్పక రెండేళ్లు పరీక్షకే పోని అబ్బాయిని చూశా, రింగు చక్కగానే ఉంది, దాని పక్కన కార్నియా మాత్రం ఇంకా ఉబ్బుతూనే ఉంది. పదిహేను నుంచి పాతికేళ్ల లోపు వాళ్లలో ఇది వేగంగా ముదురుతుంది, ఆ వయసులో టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపు కొలిచే పరీక్ష, మానకూడదు. పరీక్షకు ముందు మెత్తటి లెన్సు కనీసం వారం, గట్టి లెన్సు రెండు మూడు వారాలు తీసేసి రండి, లేకపోతే కొలత తప్పొస్తుంది.

అపోహ: ఎవరికైనా వేయొచ్చు.

వేయకూడదు. రింగు పోయే దారిలో కార్నియాకు చాలినంత మందం ఉండాలి, సుమారు 450 మైక్రాన్లు చూస్తారు. నడిమధ్యలో మచ్చ పడిపోయి ఉంటే రింగుతో చూపు రాదు.

కత్తి, నొప్పి అని టెన్షన్ పడేవాళ్లకు: మత్తు చుక్కలేస్తారు, దారి ఎక్కువగా ఫెమ్టో లేజరే చేస్తుంది, పని నిమిషాల్లో అయిపోతుంది. ఇన్ఫెక్షన్, రింగు జరగడం, రాత్రిళ్లు లైట్ల చుట్టూ వలయాలు లాంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి, ఆ మాటా ముందే అడిగి తెలుసుకోండి.

అపోహ: ఒకసారి పెడితే తీయలేరు, తర్వాత కార్నియా మార్పిడికి వీలుండదు.

రెండూ తప్పే. పడకపోతే తీసేయొచ్చు, అవసరమైతే తర్వాతైనా మార్పిడి చేయొచ్చు. ప్లాస్టిక్‌కు బదులు దాత కార్నియాతోనే రింగు ముక్కలు చేసే పద్ధతి, కెయిర్స్, తెచ్చింది చెన్నై డాక్టర్ సూసన్ జాకబ్. 2018లో దాన్ని ప్రచురించారు. మన నెల్లూరు, ఒంగోలు వాళ్లు కళ్లకోసం ఎటూ పోయే ఊరే అది.

ఇంత చేసి కన్ను నులుముకుంటే మాత్రం మళ్లీ మొదటికే. మనకు ఎండ, గ్రానైట్ దుమ్ము, పొగాకు ఘాటు, అన్నీ దురద పెట్టేవే. దురదకు చల్లటి గుడ్డ పెట్టండి, డాక్టరు రాసిన అలర్జీ చుక్కలు వేయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే కంటి ప్రెజరు పెరిగి ఉన్న చూపు కూడా పోతుంది.

ఆ తల్లికి ముందు ఒక పని అప్పజెప్పా, కొడుకు చెయ్యి కంటి మీదకు పోయినప్పుడల్లా పట్టుకోమని. డబ్బులు రింగుకే అని పెట్టుకోవద్దు, కార్నియా డాక్టరు చూసి క్రాస్ లింకింగ్ సంగతి తేల్చనివ్వండి అన్నా. ఇంట్లో చెల్లెలు ఉందట, ఇది తోబుట్టువులకూ వచ్చే అవకాశముంది కాబట్టి ఈసారి వచ్చేటప్పుడు ఆ పిల్లను కూడా తీసుకురమ్మన్నా.