పెన్న తిప్పని ఇసుర్రాయి

గండికోటలో రంగనాథస్వామి గుడి దాటి, బండల మీదుగా లోయ అంచుకు పోతే కాళ్లలో సన్నగా వణుకు పుడుతుంది. దాదాపు మూడొందల అడుగుల కింద పెన్నేరు. మొన్న మాతో వచ్చిన మా అన్న కూతురు ఉత్తరాఖండ్‌లో ట్రెక్కింగ్ చేసొచ్చిన పిల్ల. లోయలోకి తొంగి చూసి అడిగింది: “చిన్నాయనా, అక్కడ వాగుల పక్కన పాడుబడిన నీటి మరలు కనపడతాయి. ఇంత ఏరు పెట్టుకొని మనోళ్లు ఒక్కటీ కట్టలేదా?”

నిజమే. కోటలో ధాన్యాగారం ఉంది, కోనేరు ఉంది, మసీదు ఉంది. నీటి మర ఆనవాలు మాత్రం నా కంట ఎప్పుడూ పడలేదు.

ఆ పిల్ల చూసినవాటిని అక్కడ ఘరాట్ అంటారు. వాగు నుంచి చిన్న కాలువ తీసి, ఏటవాలు కొయ్యదోనెలోంచి నీళ్లను కిందికి దూకిస్తారు. ఆ దెబ్బకు పడుకోబెట్టిన చక్రం తిరుగుతుంది. దాని నిలువు ఇరుసే పైనున్న తిరగలి రాయిని తిప్పుతుంది. మధ్యలో పళ్లచక్రాలేమీ ఉండవు. నాకు బాగా నచ్చేది ఇంకోటి. గింజలు పోసిన బుట్టకు ఒక పుల్ల కట్టి, దాని కొస తిరిగే రాయికి తగిలేలా వదులుతారు. రాయి తిరిగితే పుల్ల అదురుతుంది, గింజలు రాలతాయి. రాయి ఆగితే గింజలూ ఆగుతాయి. మనిషి కాపలా అక్కర్లేదు.

లెక్క కూడా తేలికే. సెకనుకు వంద లీటర్ల నీళ్లు మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు మూడు కిలోవాట్లు. కొయ్యచక్రంలో మూడింట రెండు వంతులు వృథా పోయినా ఒక కిలోవాట్ మిగులుతుంది. కాడెద్దులు కష్టపడి లాగితే వచ్చేది ఒక హార్స్‌పవర్, అంటే ముప్పావు కిలోవాట్. పైగా చక్రానికి మేత వేయాల్సిన పని లేదు.

అయితే ఆ వంద లీటర్లు రోజూ రావాలి. హిమాలయ వాగులకు మంచు, ఊటలు ఆధారం. పెన్నకు ఆధారం వాన. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ ఏరు, దేశంలోనే అతి తక్కువ వాన పడే సీమల్లో ఒకటైన అనంతపురం మీదుగా వస్తుంది. అక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆనకట్టలు రాకముందు కూడా ఏడాదిలో చాలా నెలలు పెన్నంటే ఇసుకే, నీళ్లు ఆ ఇసుక కింద దాక్కొని ఉండేవి. చెలమ తీసి కడవ నింపుకోవచ్చు కానీ చెలమతో చక్రం తిరగదు.

వచ్చినప్పుడేమో చక్రాన్ని బతకనివ్వదు. 2021 నవంబరులో పెన్న ఉపనది చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే కొట్టుకుపోయింది. ఇక కొయ్యదోనె ఒక లెక్కా! అందుకే ఇక్కడ తిరిగేవాటన్నిటినీ ఎద్దులో మనుషులో తిప్పారు. నూనెగానుగకు ఎద్దు. బావిలో నీళ్లు తోడే కపిలికి కాడెద్దులు. కోటగోడలకు వాడే గానుగ సున్నం నూరడానికి గుండ్రటి కాలవలో రాతిచక్రం లాగుతూ మళ్లీ ఎద్దులే. పిండికి మాత్రం ఇంట్లో ఇసుర్రాయి, దాని ముందు ఆడవాళ్లు. తెల్లారుజామున లేచి విసిరిన ఆ చేతుల కష్టాన్ని ఎవరూ కిలోవాట్లలో కొలవలేదు.

ఇంతకీ పెన్న ఏమీ విసరలేదా? విసిరింది, రాయిని. ఈ లోయ గోడలు గట్టి క్వార్ట్‌జైట్, అంటే ఇసుక పొరలు కోట్ల ఏళ్లు అణిగి బిగిసిన రాయి. కడప రాళ్లు ఎంత పాతవంటే, పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన నల్లరాతి వయసే దాదాపు 190 కోట్ల ఏళ్లు. ఇంత గట్టి రాయిని ఉత్త నీళ్లు కోయలేవు. వరద మోసుకొచ్చే ఇసుక, గుండ్లు కోస్తాయి. సుడిలో చిక్కిన గుండు ఒకేచోట గిరగిరా తిరిగితే ఏటి బండలో గుండ్రటి గుంత పడుతుంది. అచ్చం రుబ్బురోలు, పొత్రం. రోలు లోతయ్యేకొద్దీ పొత్రమూ అరుగుతుంది. వచ్చే వరద ఇంకో గుండును తెచ్చి వేస్తుంది. అడుగును ఏరు ఇలా అరగదీస్తుంటే, పక్కల రాయి తన నిలువు పగుళ్ల వెంట దిమ్మెలుగా విరిగి పడుతుంది. గోడలు ఏటవాలుగా కాక, ఇటుకలు పేర్చినట్టు నిటారుగా నిలబడింది అందుకే. ఏడాదిలో నాలుగు రోజుల పనే, కాకపోతే లక్షల ఏళ్లుగా.

ఇప్పుడు పైన గండికోట డ్యాం, కింద మైలవరం డ్యాం. లోయలో నీళ్లు పచ్చగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. ఫొటోలకు బాగుంటుంది, ఆ రుబ్బుడు మాత్రం నీళ్ల అడుగున ఆగిపోయింది.

“అయితే పెన్న మీద ఎక్కడా నీళ్లతో చక్రమే తిరగలేదన్నమాట,” అంది మా పిల్ల, బస్సు కోసం నడుస్తూ. ఒకచోట తిరుగుతోందని చెప్పాను. అనంతపురం జిల్లాలో పెన్న అహోబిలం రిజర్వాయర్ దగ్గర పది మెగావాట్ల టర్బైన్లు రెండున్నాయి. కాకపోతే వాటికి అందేది ఎక్కువగా హైలెవల్ కాలువ మోసుకొచ్చే తుంగభద్ర నీళ్లు.