మెయిల్ ఫిల్టర్లు ఒకదానితో ఒకటి తగాదా పడితే: అపోహలు - వాస్తవాలు

మెయిల్ సర్వర్లు చూసుకోవడం, వాటి మీద వచ్చే ఫిర్యాదులు తీర్చడం నా పని. ఆ ఫిర్యాదుల్లో ఒకటి ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది: "రూల్ పెట్టాను, పనిచేయడం లేదు." రూల్ అన్నా ఫిల్టర్ అన్నా ఒకటే: ఫలానా రకం మెయిల్ వస్తే దాన్ని ఏం చేయాలో ముందే రాసిపెట్టే ఆదేశం. తీరా చూస్తే ఆ రూల్‌లో తప్పేమీ ఉండదు. దానికి పైనో కిందో ఉన్న మరో రూల్, ఒక్కోసారి అసలు మరో కంప్యూటర్‌లో ఉన్న రూల్, అదే మెయిల్‌ని ముందే లాగేసుకుని ఉంటుంది. పనిచేయని రూల్‌నే గంటసేపు తదేకంగా చూస్తే ఇది దొరకదు. దాని పక్కవాటినీ చూడాలి. పైగా ఒక ప్రోగ్రామ్‌లో అబ్బిన అలవాటు మరో ప్రోగ్రామ్‌లో పనికిరాదు. నా దగ్గరికి వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: రూళ్లు ఎక్కడైనా పైనుంచి కిందికే నడుస్తాయి. మొదట ఏది సరిపోతే అదే గెలుస్తుంది.

వాస్తవం: ఇందులో రెండు మాటలున్నాయి. రెండూ అన్నిచోట్లా చెల్లవు.

ముందు వరస సంగతి. థండర్‌బర్డ్, అవుట్‌లుక్, యాపిల్ మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాములు జాబితాలో ఉన్న వరసనే పాటిస్తాయి. జీమెయిల్‌లో వరస అనేదే లేదు. వచ్చిన మెయిల్‌కి ఎన్ని ఫిల్టర్లు సరిపోతే అన్నీ వర్తిస్తాయి. ఒకటి లేబుల్ తగిలించమని, ఇంకొకటి ఇన్‌బాక్స్‌లో పెట్టవద్దని చెబితే రెండూ జరుగుతాయి. ఒకటి డిలీట్ చేయమంటే మెయిల్ ట్రాష్‌లోకి పోతుంది, ఇంకో ఫిల్టర్ తగిలించిన "ముఖ్యం" లేబుల్ దాన్ని కాపాడదు. అందుకని జీమెయిల్‌లో మినహాయింపు కోసం విడిగా ఇంకో ఫిల్టర్ పెట్టి లాభం లేదు. మెయిల్‌ని తీసుకెళ్లే ఆ ఫిల్టర్ షరతులోనే, ఉండకూడని పదాల గడిలో గానీ, పదం ముందు మైనస్ గుర్తు పెట్టి గానీ రాయాలి.

ఇక "మొదటిదే గెలుస్తుంది" అన్న మాట. పాత యూనిక్స్ కంప్యూటర్లలో మెయిల్ వడబోసే ప్రోక్‌మెయిల్ ప్రోగ్రామ్‌లో ఇది నిజమే. ఒక రెసిపీ (అందులో రూల్‌ని ఇలా అంటారు) మెయిల్‌ని ఫోల్డర్‌లో వేసిందంటే, ప్రతి తీయమని ప్రత్యేకంగా చెప్పకపోతే, పని అక్కడితో ముగిసినట్టే. చాలా మెయిల్ సర్వర్లలో ఫిల్టర్ల వెనక ఉండే సీవ్ భాష దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆ భాషను నిర్వచించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5228 ప్రకారం మెయిల్‌ని ఫోల్డర్‌లో వేసినంత మాత్రాన స్క్రిప్ట్ (వరసగా రాసిన నిబంధనలు) ఆగదు, "స్టాప్" అని రాస్తేనే ఆగుతుంది. ఆపకపోతే కింద ఇంకో నిబంధన కూడా సరిపోయి రెండో ఫోల్డర్‌లో రెండో ప్రతి పడుతుంది. "డిస్కార్డ్" (పారేయి) అనే ఆదేశం విషయంలో బాగా అనుభవం ఉన్నవాళ్లూ బోల్తాపడతారు. అది రద్దు చేసేది మెయిల్‌ని ఇన్‌బాక్స్‌లో ఉంచే డిఫాల్ట్ చర్యను మాత్రమే. పై నిబంధన అప్పటికే ఫోల్డర్‌లో వేయమని చెప్పి ఉంటే, కింద డిస్కార్డ్ తగిలినా ఆ ప్రతి ఉండనే ఉంటుంది.

అవుట్‌లుక్‌లోనూ "స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్" (ఇక కింది రూళ్లు చూడకుండా ఆపు) లేని రెండు రూళ్లు ఒకే మెయిల్‌ని రెండు ఫోల్డర్లకు తరలించమంటే రెండుచోట్లా కనబడుతుంది. "ఒకే మెయిల్ రెండుసార్లు వస్తోంది, పంపేవాళ్ల తప్పే" అనే ముందు ఇది చూడండి. ఇంకోటి, పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో కొత్తగా రాసిన రూల్ జాబితా నెత్తిన కూర్చుంటుంది. ఏళ్ల తరబడి బాగా నడిచినవి నిన్నటినుంచి చెడిపోయాయంటే నేను ముందు చూసేది ఆ పై రూల్‌నే.

అపోహ: ప్రతి రూల్ చివరా "ఆపు" పెట్టేస్తే గొడవే ఉండదు.

వాస్తవం: ఉండకపోవడం కాదు, కనబడకుండా పోతుంది. పైన విస్తారమైన రూల్ ఒకటి "ఆపు"తో కూర్చుంటే కిందున్నవాటికి వంతే రాదు. నేను పాటించే వరస చెబుతాను, ఇదే సరైనదని పట్టుబట్టను. రంగు, ట్యాగ్, నక్షత్రం తగిలించే రూళ్లు పైన, వాటికి "ఆపు" ఉండదు. తర్వాత ఒక్క వ్యక్తికో ఒక్క పనికో సంబంధించిన ఇరుకు రూళ్లు, వీటికి "ఆపు" ఉంటుంది. ప్రకటనలు, ఆటోమేటిక్ నోటీసులు లాంటి వాటిని ఊడ్చే పెద్ద రూళ్లు అట్టడుగున. డిలీట్ చేసే రూల్ అసలు రాయను, వేరే ఫోల్డర్‌కి పంపి అప్పుడప్పుడు ఖాళీ చేస్తాను.

అపోహ: "అన్నీ సరిపోవాలి", "ఏదో ఒకటి సరిపోతే చాలు" - ఈ రెంటి మధ్య పెద్ద తేడా లేదు.

వాస్తవం: షరతులో "కాదు" వచ్చిందంటే ఈ తేడా ఇన్‌బాక్స్ మొత్తాన్ని ఖాళీ చేయగలదు. ఒకాయన రెండు షరతులు రాశాడనుకోండి: పంపినవారు మేనేజర్ కాదు, పంపినవారు అకౌంట్స్ విభాగం కాదు. ఇవి సరిపోతే "బయటివి" ఫోల్డర్‌కి పంపాలి. పైన "ఏదో ఒకటి" ఎంచుకున్నాడు. మేనేజర్ మెయిల్ వచ్చింది. మొదటి షరతు తప్పింది, కానీ మేనేజర్ అకౌంట్స్ విభాగం కాదు కాబట్టి రెండోది సరిపోయింది. అకౌంట్స్ మెయిల్ వస్తే మొదటిది సరిపోతుంది. ఒకే మెయిల్ రెండు అడ్రసుల నుంచి రాదు కనుక ఈ రూల్‌ని తప్పించుకునే మెయిల్ అంటూ ఉండదు. ప్రోగ్రామర్లు కూడా ఇక్కడ పడతారు. "కాదు"లు ఒకటికంటే ఎక్కువ ఉంటే "అన్నీ" ఎంచుకోవాలి.

అవుట్‌లుక్ డెస్క్‌టాప్ రూళ్లలో ఈ ఎంపికే ఉండదు. ఒకే షరతులో ఇచ్చిన పదాల్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు, కానీ వేర్వేరు షరతులన్నీ కలిసి సరిపోవాలి. "ఈయన పంపితే, లేదా సబ్జెక్టులో ఈ పదం ఉంటే" అనాలంటే రెండు రూళ్లు రాయక తప్పదు. మినహాయింపుల దగ్గర మాత్రం ఏ ఒక్కటి తగిలినా రూల్ వర్తించదు.

అపోహ: తెరమీద కనబడేదాన్నే రూల్ కూడా చూస్తుంది.

వాస్తవం: రూల్ చూసేది హెడర్లని, అంటే ఎవరు, ఎవరికి, ఏ విషయం లాంటి వివరాలతో మెయిల్ వెంట వచ్చే వరసలని. "ఫ్రమ్"లో కనబడే పేరు వేరు, దాని వెనక అడ్రస్ వేరు, జవాబు వెళ్లే "రిప్లై టు" వేరు. బీసీసీలో (అందుకునేవాళ్ల అడ్రస్ ఎవరికీ కనబడకుండా) మీకు పంపితే "టు", "సీసీ" రెండింటిలోనూ మీ అడ్రస్ ఉండదు కాబట్టి "నాకు వచ్చినవి" అనే రూల్ దాన్ని వదిలేస్తుంది. మెయిలింగ్ లిస్టులకు సబ్జెక్టు నమ్ముకోకుండా "లిస్ట్ ఐడీ" హెడర్ పట్టుకోండి, 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 దాన్ని ఇందుకే పెట్టింది. జీమెయిల్‌లో చతురస్ర బ్రాకెట్ల మధ్య ఉన్న ట్యాగ్‌ని షరతుగా ఇస్తే బ్రాకెట్లను లెక్కలోకి తీసుకోదు. లోపలి పదం సబ్జెక్టులో మామూలుగా వచ్చినా ఆ ఫిల్టర్ పట్టేస్తుంది.

తెలుగు సబ్జెక్టులతో ఇంకో చిక్కుంది. పొల్లుతో ముగిసే పదాల చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎక్కడినుంచో కాపీ చేసి రూల్‌లో అతికించిన పదంతో అది కూడా అంటుకుని వస్తుంది. కంటికి రెండూ ఒకటే, అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రామ్‌కి మాత్రం వేర్వేరు. అనుమానం వస్తే పదాన్ని మీరే టైప్ చేయండి, పొల్లుకు ముందున్న ముక్కనే షరతుగా పెట్టండి.

మెయిల్ అసలు రూపం చూడటానికి జీమెయిల్‌లో "షో ఒరిజినల్", థండర్‌బర్డ్‌లో కంట్రోల్ యూ.

అపోహ: నా రూళ్లన్నీ నా అకౌంట్‌లోనే ఉన్నాయి.

వాస్తవం: థండర్‌బర్డ్ ఫిల్టర్లు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఆ ప్రోగ్రామ్ తెరిచి ఉంటేనే నడుస్తాయి. అవుట్‌లుక్‌లో కొన్ని రూళ్ల పక్కన "క్లయింట్ ఓన్లీ" అని ఉంటుంది, వాటిదీ ఇదే కథ. మిగిలినవి సర్వర్ మీద ముందే నడిచిపోతాయి. రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు రకాల ఫిల్టర్లుంటే ఏది ముందు తెరుస్తారో దాని మాటే చెల్లుతుంది. "పగలు బాగానే ఉంటుంది, రాత్రి వచ్చినవి మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నాయి" అని ఎవరైనా అంటే జాబితా చూడకముందే కారణం తెలిసిపోతుంది.

అపోహ: రూల్ సరిచేస్తే పాత మెయిళ్లు కూడా సర్దుకుంటాయి.

వాస్తవం: సర్దుకోవు. థండర్‌బర్డ్‌లో ఫోల్డర్ ఎంచుకుని "రన్ నౌ", అవుట్‌లుక్‌లో "రన్ రూల్స్ నౌ" నొక్కాలి. జీమెయిల్‌లో ఫిల్టర్ రాసేటప్పుడే పాతవాటికీ వర్తించే టిక్ పెట్టాలి.

అపోహ: చిక్కు పడితే అన్నీ చెరిపేసి కొత్తగా రాసుకోవడం మేలు.

వాస్తవం: చెరిపేస్తే తగాదాతోపాటు దాని ఆనవాళ్లూ పోతాయి. థండర్‌బర్డ్‌లో, అవుట్‌లుక్‌లో రూల్ పక్కన టిక్ తీసేస్తే అది నిద్రపోతుంది. సగం రూళ్లకు టిక్ తీసి చూడండి. చిక్కు తీరిందంటే దోషి ఆ సగంలో ఉన్నట్టు. మళ్లీ ఆ సగంలో సగం. జీమెయిల్‌లో ఫిల్టర్‌ని తాత్కాలికంగా ఆపే వీలు లేదు కాబట్టి చేయి పెట్టే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. థండర్‌బర్డ్‌లో ఫిల్టర్ లాగ్ ఉంది. దాన్ని మనమే ఆన్ చేయాలి, చేశాక ఏ మెయిల్ మీద ఏ ఫిల్టర్ ఏం చేసిందో రాసిపెడుతుంది.

లాగ్ లేనిచోట నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. తరలించే చర్యలు, "ఆపు"లు తాత్కాలికంగా తీసేసి, ఒక్కో రూల్‌కి ఒక్కో వేరే ట్యాగ్ పెట్టండి. కాసేపట్లో వచ్చే మెయిళ్లు ఎన్ని ట్యాగులు మోసుకొస్తే అన్ని రూళ్లు వాటిమీద చేయి వేస్తున్నట్టు. ఏ రెండు ట్యాగులు ఎప్పుడూ జంటగా వస్తున్నాయో చూస్తే, కొట్టుకునే జంట దొరికిపోతుంది.

అపోహ: నేను పెట్టని రూల్ నా జాబితాలో ఎందుకుంటుంది?

వాస్తవం: ఇంట్లోకి దొంగతనంగా దూరినవాడు పెట్టి ఉండొచ్చు. అకౌంట్ చేజిక్కించుకున్నవాళ్లు తరచూ చేసే పని ఇదే: బ్యాంకు, పాస్‌వర్డ్, ఇన్‌వాయిస్ లాంటి పదాలున్న మెయిళ్లను అకౌంట్ సొంతదారు కంటపడకుండా చదివినట్టు గుర్తు పెట్టి, ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి తోసే రూల్ రాస్తారు. ఆ రూల్ పేరు చాలాసార్లు ఒక్క చుక్కే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ పోదు, దాన్ని విడిగా తీసేయాలి. జీమెయిల్‌లో ఫిల్టర్ల పేజీతోపాటు ఫార్వర్డింగ్ పేజీ కూడా చూడండి, అక్కడ పెట్టిన అడ్రస్ ఫిల్టర్ల జాబితాలో కనబడదు. ఆఫీసు అకౌంటైతే ఆ రూల్‌ని తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్‌కి పంపండి. ఏ పదాల కోసం కాపు కాశారో దాన్నిబట్టే వాళ్లు తర్వాత ఎక్కడ వెతకాలో తేల్చుకుంటారు.