ఇది ఏ చెట్టు పురుగు?

విశాఖ సీతమ్మధారలో మా ఇంటి నందివర్ధనం మొక్కకి ఒక ఆగస్టులో ఉన్నట్టుండి ఆకులు మాయమవడం మొదలైంది. కొమ్మ తిప్పి చూస్తే వేలంత లావున పచ్చటి గొంగళి పురుగు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. వెనక చిన్న కొమ్ము, తల వెనక రెండు నీలం కళ్ళు. అవి నిజం కళ్ళు కావు, పిట్టల్ని బెదరగొట్టే మచ్చలు. పుల్లతో తాకగానే తల లోపలికి ముడుచుకుని ఆ మచ్చల్ని ఉబ్బించి చూపించింది.

మా అమ్మ దాన్ని తీసి అవతల పారేయబోతే ఆపి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి మూతికి దోమతెర గుడ్డ కట్టాను. నాలుగు రోజులు ఆకులు తింది. తర్వాత ఒళ్ళు నల్లబడి, అడుగున వేసిన ఎండుటాకుల కిందికి దూరి ప్యూపాగా మారింది. పన్నెండో రోజు రాత్రి బయటికి వచ్చిన జీవిని చూసి అమ్మ కూడా చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ముదురు పచ్చ రెక్కల మీద లేత గులాబీ, తెలుపు గీతలు, నీళ్ళలో రంగులు కలిపి వదిలేసినట్టు. దాని శాస్త్రీయ నామం డాఫ్నిస్ నెరీ. అందులో నెరీ అన్న మాట 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టింది. నెరీ అంటే గన్నేరుది అని. గన్నేరు, నందివర్ధనం ఒకే కుటుంబం మొక్కలు. తెంపితే రెండింటికీ పాలు కారతాయి. ఆ చుట్టరికం మనకి పుస్తకం చదివితే తెలుస్తుంది, తల్లి పురుగుకి గుడ్లు పెట్టేటప్పుడే తెలుసు.

ఇలాంటి రెక్కల పురుగుని ఇంగ్లీషులో మాత్ అంటారు, దానికి తెలుగులో సరిగ్గా సరిపోయే వాడుక మాట లేదు. శలభం పద్యాల్లో మాట. చిమ్మట అంటే కొందరికి బట్టలు కొరికే పురుగు, కొందరికి కీచురాయి. కానీ పొలంలోకి వెళ్ళండి, పేర్లకి లోటే లేదు. ఆముదంలో దాసరి పురుగు, పొగాకులో లద్దె పురుగు, శనగలో పచ్చ పురుగు, వరిలో కాండం తొలిచే పురుగు. ఇవన్నీ మాత్‌ల పిల్లలే. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఒక జాతి 2018లో మన దేశంలో మొక్కజొన్న మీద పడితే, చూస్తుండగానే దానికి కత్తెర పురుగు అన్న పేరు స్థిరపడిపోయింది. ఏ మొక్క మీద ఉంటుంది, ఏం చేస్తుంది: రైతు ఈ రెండూ చూసి పేరు పెట్టాడు. అది చాలా మంచి పద్ధతి. బాధల్లా ఏమిటంటే, నష్టం చేసినవాటికే మనం పేర్లు పెట్టుకున్నాం.

ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన మాత్‌లు సుమారు 1,40,000 జాతులు. సీతాకోకచిలుకలు 18,000 దాకా ఉంటాయి. నిజానికి సీతాకోకచిలుకలు మాత్‌ల వంశవృక్షంలో పగటి వెలుగులోకి వచ్చిన ఒక కొమ్మ మాత్రమే. మన దేశంలోనే మాత్‌లు పది వేల జాతులకు పైగా ఉన్నాయి. విశాఖ వాళ్ళకి ఉన్న అదృష్టం ఏమిటంటే, సముద్రం ఒడ్డున కంబాలకొండ పొదల నుంచి బయల్దేరితే కొన్ని గంటల్లో దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరిపోవచ్చు. దారిలో గాలి మారుతుంది, చెట్లు మారతాయి, చెట్లతోపాటు పురుగులూ మారతాయి.

అనంతగిరి దగ్గర తెలిసినవాళ్ళ కాఫీ తోటలో ఒక అమావాస్య రాత్రి తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు దీపం పెట్టాం. (అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఈ పని చేయకూడదు.) మబ్బు పట్టి, గాలి లేని రాత్రి దీనికి బాగా కలిసొస్తుంది. దీపం మీద ప్రేమతో పురుగు వచ్చి పడుతుందని కవులు చెప్పారు కదా, 2024లో వచ్చిన ఒక పరిశోధన వేరే కారణం చూపించింది. ఎగిరే పురుగు చాలావరకు వీపుని వెలుగు వైపు తిప్పుకుంటుంది. ఆకాశమే వెలుగుగా ఉన్నంత కాలం ఆ అలవాటు తలకిందులు కాకుండా సరిగ్గా ఎగరడానికి పనికొచ్చింది. పక్కన బల్బు వెలిగితే వీపు అటు వాలిపోయి, పాపం అక్కడే చుట్లు తిరుగుతుంది. అందుకే మేం తెల్లారడానికి చాలా ముందే దీపం ఆర్పేశాం. లేకపోతే పొద్దున్నే ఏట్రింత పిట్టలు వచ్చి దుప్పటి మొత్తం ఖాళీ చేసేస్తాయి.

ఆ రాత్రి అందరం చుట్టూ చేరింది లేత ఆకుపచ్చ మూన్ మాత్ కోసం. పొడవాటి తోకలు, తెల్లటి ఒళ్ళు. దానికి పనిచేసే నోరే లేదు. గొంగళి పురుగుగా తిన్న తిండితోనే సుమారు వారం బతికి, జత కట్టి, పోతుంది. అంత అందమైనదాన్ని గుర్తుపట్టడం తేలిక. అసలు కష్టమంతా మిగిలిన బూడిదరంగు, గోధుమరంగు గుంపుతోనే.

వాటి దగ్గర ముందుగా చూడాల్సింది రంగు కాదు, వాలిన తీరు. రెక్కలు దుప్పటికి అతికించినట్టు పరిచేసేవి ఎక్కువగా జియోమెట్రిడే కుటుంబం. ఇంటి కప్పులా రెక్కలు వాల్చేవి చాలావరకు నాక్టుయిడే. జెట్ విమానంలా నిలిచేవి మా నందివర్ధనం పురుగు కుటుంబం, స్ఫింజిడే. తర్వాత మీసాలు. సీతాకోకచిలుక మీసానికి చివర గుండు ఉంటుంది, మాత్‌లలో దారంలాగో దువ్వెనలాగో ఉంటుంది. ఆడదాని వాసన పట్టడానికి మగవాటి దువ్వెన ఇంకా వెడల్పు.

తర్వాత భూతద్దం తీయాలి. చాలా మాత్‌లలో వెనక రెక్క మొదట్లో సన్నటి ముల్లు ఒకటి ఉండి, ముందు రెక్క కింది కొక్కెంలో ఇరుక్కుంటుంది. రెండు రెక్కలూ ఒకటిగా ఆడడానికి ఆ ఏర్పాటు. మగదానికి ఒకటే ముల్లు, ఆడదానికి సాధారణంగా రెండు మూడు. మొదటిసారి అది కనిపించినప్పుడు నాకు సూదిలో దారం ఎక్కించినంత ఆనందం కలిగింది.

ఇంతవరకూ చూసినా కుటుంబం తెలుస్తుంది, జాతి తెలియకపోవచ్చు. నీలగిరుల్లో తేయాకు తోటలు చూసుకున్న హాంప్సన్ అనే ఇంగ్లీషాయన 1892 నుంచి 1896 మధ్య నాలుగు సంపుటాల్లో మన దేశపు మాత్‌లని వర్ణించాడు. రెక్కల ఈనెల అమరికకి ఆయన చాలా ప్రాధాన్యం ఇచ్చాడు. ఈనెలు కూడా తేల్చలేని చోట పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మెత్తటి కండ కరిగాక జననాంగాల ఆకారం సూక్ష్మదర్శినిలో చూస్తారు. పైకి కవలల్లా ఉన్న రెండు జాతులు అక్కడ వేరుపడిపోతాయి. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ఇంకో దారి చూపింది: మైటోకాండ్రియాలో ఒక జన్యువు నుంచి సుమారు 650 డీఎన్ఏ అక్షరాలు చదివితే చాలావరకు జాతి తెలిసిపోతుందని. ఆ డీఎన్ఏ బార్‌కోడ్‌కి కాలు ముక్క ఒక్కటి చాలు. కానీ అక్షరాలు చదివాక పోల్చడానికి సరైన పేరున్న నమూనా ముందే ఎక్కడో ఉండాలి. ఆ పేరు ఎవరో ఒకరు కళ్ళతో చూసి తేల్చినదే అయుండాలి.

జన్యువులు పెద్ద కుటుంబాలనీ కదిలించాయి. మన దాసరి పురుగు ఏళ్ళ తరబడి నాక్టుయిడేలో ఉండేది, ఇప్పుడు ఎరెబిడేలో ఉంది. ఆముదం చేలో మాత్రం అది అప్పుడూ ఇప్పుడూ దాసరి పురుగే. నాకు ఈ విషయం ఎంతో నచ్చింది. వర్గీకరణ మారినా, మొక్కతో కట్టిన పేరు నిలబడింది.

అందుకే ఇప్పుడు కొండ మీదికి వెళ్తే దుప్పటితోపాటు సీసాలు కూడా పట్టుకెళ్తున్నాను. ఫొటోలో ఉన్న రెక్కల పురుగు తన చెట్టు ఏదో చెప్పదు. ఆకు మీద దొరికిన పిల్ల చెబుతుంది. పోయిన వానల్లో ఒక నల్లమద్ది కొమ్మ మీద పుల్లలా బిగుసుకుని నిలబడ్డ గొంగళి పురుగు దొరికింది. వీపు వంచి, జానతో కొలుస్తున్నట్టు నడిచేది. మద్దాకులు వేసి పెంచాను. ప్యూపా అయ్యాక రోజూ ఆత్రంగా చూసేవాణ్ణి. ఒక పొద్దున ప్యూపా పక్కన గోధుమరంగు గింజలాంటివి రెండు కనిపించాయి. వారం తర్వాత వాటిలోంచి ఒంటి నిండా ముళ్ళలాంటి వెంట్రుకలున్న ఈగలు వచ్చాయి. టకినిడ్ ఈగలు. గొంగళి పురుగు లోపల దాన్నే తింటూ పెరిగే రకం.

మాత్ రాలేదు కాబట్టి దాని పేరు తెలియలేదు. చీటీ మీద మాత్రం చెట్టు నల్లమద్ది అని, తేదీ, ఎత్తు, గొంగళి పురుగు ఫొటో నంబరు, కింద ఈగలు రెండు అని రాసి సీసాకి అంటించాను. వచ్చే వానలకి మళ్ళీ అదే చెట్టు దగ్గరికి వెళ్తాను.