దగ్గు లేని నిమోనియా

నిమోనియా అనగానే మనకు దగ్గు, జ్వరం గుర్తొస్తాయి. నెల నిండని బిడ్డకు తరచూ ఆ రెండూ ఉండవు. జ్వరం రాకపోగా ఒళ్లు చల్లబడిపోవచ్చు కూడా. చాలాసార్లు ముందుగా మారేది పాలు తాగే తీరు. నిన్నటిదాకా ఆత్రంగా రొమ్ము పట్టిన బిడ్డ ఇవాళ రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నా, లేపినా మత్తుగా పడుకుంటున్నా, ఆకలి లేదేమోలే అని సర్దిచెప్పుకోవద్దు.

వెంటనే ఊపిరి లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, గడియారం చూస్తూ, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషమంతా చూడాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. పసివాళ్లు కాసేపు గబగబా ఊపిరి తీసి, కొన్ని సెకన్లు ఆపి, మళ్లీ మొదలుపెడతారు, అది మామూలే. 20 సెకన్లు ఆగినా, ఆగినప్పుడు పెదాలు నీలంగా మారినా ప్రమాదం. లెక్క 60 గానీ, అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి చూడండి. రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోతుగా లోపలికి పోతుంటే లెక్కలతో పనే లేదు, వెంటనే వెళ్లాలి.

ఇంకో గుర్తు మూలుగు. గాలి వదిలేటప్పుడు బిడ్డ గొంతును సగం మూసి, ఊపిరితిత్తుల్లో కాస్త ఒత్తిడి నిలుపుకుంటుంది. లేకపోతే చిన్న గాలిగదులు ముడుచుకుపోతాయి. ఆ చప్పుడే మనకు మూలుగులా వినిపిస్తుంది. ఆపకుండా కాస్త ఒత్తిడితో గాలి అందించి ఇదే పనిని బయటినుంచి చేసి పెట్టే సీప్యాప్ పద్ధతిని అమెరికా డాక్టర్ జార్జ్ గ్రెగరీ బృందం 1971లో నెలలు నిండని శిశువుల్లో వాడి చూపింది. ఇప్పుడు నిమోనియాతో ఆయాసపడే పసివాళ్లకూ దాన్ని పెడుతున్నారు. మాటలు రాని బిడ్డ తన ఊపిరిని తానే కాపాడుకునే ఈ ప్రయత్నం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. అందుకే మూలుగును నిద్రలో చప్పుడని కొట్టిపారేయవద్దని ఇంతగా చెబుతున్నాను.

ఈ వయసులో ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల దగ్గరే ఆగుతుందన్న నమ్మకం లేదు, రక్తంలోకీ పాకవచ్చు. కొందరికి ఇది పుట్టకముందే, కాన్పు సమయంలోనే సోకుతుంది. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటాక పుట్టిన బిడ్డల్ని మరింత కనిపెట్టుకుని చూడాలి. ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చడం కష్టం. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల్లో నీరు ఇంకక వచ్చే ఆయాసమూ అలాగే కనిపిస్తుంది, కాకపోతే అది సాధారణంగా రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అందుకే డాక్టర్లు రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపి, ఫలితం రాకముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఎక్కువగా ఆంపిసిలిన్, జెంటామైసిన్ కలిపి ఇస్తారు. అది తొందరపాటు కాదు, ఆలస్యమైతే గంటల్లోనే పరిస్థితి చేయి దాటవచ్చు. నిమోనియా అని తేలితే బిడ్డ తేరుకున్నా ఏడు నుంచి పది రోజుల కోర్సు పూర్తి చేయాలి. ఆక్సిజన్‌ను కొలిచి ఇస్తారు. మోతాదు మించితే నెలలు నిండని పిల్లల కళ్లు దెబ్బతింటాయి.

ఇంట్లో ఉన్న దగ్గు మందు మాత్రం పట్టకండి. దారిలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి, పైన బట్ట కప్పి, ముక్కు మూసుకుపోకుండా చూసుకోవాలి. తాగగలిగితే పాలివ్వవచ్చు. ఆయాసపడుతుంటే బలవంతంగా పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.