ఊలు ఏ చేతిలో పట్టుకోవాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

అల్లేటప్పుడు ఊలు కుడిచేతిలో పట్టుకోవాలా, ఎడమచేతిలోనా అని మీ ఇద్దరూ గొడవపడ్డారట. ఏ చేతిలోనైనా పట్టుకోవచ్చు. మెడకు వేసుకుని అల్లేవాళ్లు కూడా ఉన్నారు!

దారం సూదికి ఎప్పుడూ ఒకే బిగువుతో అందాలి, అంతే. అందుకోసం దాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, ఉంగరపు వేలి మీదుగా, మధ్యవేలి కిందుగా తెచ్చి చూపుడువేలి మీద వేసుకుంటారు. కాటన్ దారం జారుతుంది కాబట్టి ఇంకో చుట్టు వేయండి. గరుకు ఊలుకు అసలు చుట్టే అక్కర్లేకపోవచ్చు. వేలి మీద ఎర్రగా గీత పడుతోందంటే బిగువు ఎక్కువైనట్టే.

కుడిచేతి పట్టును ఇంగ్లీష్ పద్ధతి అంటారు. ఆ చేత్తోనే దారాన్ని సూది చుట్టూ తిప్పాలి. కాంటినెంటల్ పద్ధతిలో దారం ఎడమ చూపుడువేలి మీద ఉంటుంది, సూది మొనతో దాన్ని లాక్కుంటే చాలు. చెయ్యి తక్కువ కదులుతుంది కాబట్టి అలవాటైతే పని తొందరగా సాగుతుంది. అమెరికాలో దీన్ని బాగా ప్రచారం చేసింది అల్లిక నేర్పే రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్. కాకపోతే ఈ పట్టుతో చాలామందికి పర్ల్ (బుడిపెల్లా కనిపించే ఉల్టా కుట్టు) వరస వదులుగా వచ్చి, అల్లికలో చారలు తేలతాయి. అలాంటప్పుడు పర్ల్ వరసకు కాస్త సన్న సూది వాడితే సరిపోతుంది.

పర్ల్ అంటే విసుగొచ్చేవాళ్లకు నేను చెప్పేది పోర్చుగీస్ పద్ధతి. దారాన్ని మెడ వెనకనుంచి గానీ, భుజం దగ్గర గుచ్చుకున్న కొక్కెం పిన్ను లోంచి గానీ తెచ్చి, ఎడమ బొటనవేలితో సూది మీదకు తోస్తారు. దారం ఎప్పుడూ ముందువైపే ఉంటుంది కాబట్టి నిట్ (నున్నగా కనిపించే సీదా కుట్టు) కంటే పర్లే సులువు. పెరూ, బొలీవియాల్లోనూ ఇలా అల్లుతారు.

రెండు రంగుల డిజైన్‌కైతే ఇంగ్లీష్, కాంటినెంటల్ పట్లు రెండూ వచ్చి ఉంటే హాయి, చేతికో రంగు పట్టుకోవచ్చు. వెనకవైపు కిందుగా నడిచే దారం రంగే ముందువైపు కాస్త ఎక్కువ కనిపిస్తుంది. మామూలుగా అది ఎడమచేతి దారమే, కాబట్టి పువ్వు రంగు ఎడమచేతికివ్వండి. మధ్యలో చేతులు మార్చారంటే పువ్వు సగం వెలిసినట్టుంటుంది.

కొత్త పట్టును ముందు చిన్న ముక్క మీద అల్లి చూడండి. సగం అయిన స్వెటర్ మీద మాత్రం వద్దు, బిగువు మారిన చోటు ఇట్టే తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ